కుడితి గోలెము



చరిత్ర యనగానే రాజులు, కోటలు, యుద్ధములు మనకు జ్ఞప్తికి వచ్చును. 36 ఏండ్లు నేను బడిపిల్లలకు చెప్పినదియు ఆ చరిత్రయే. ఈ పూట చెప్పదలచినది పెరటిలో నుండెడి యొక మట్టిపాత్ర చరిత్ర. దానిని కొందరు కుడితి గోలెమందురు. కొందరు కుడితి తొట్టి యందురు. వంటయింటిలో మిగిలినది చాలవరకు దానిలోనికే పోవుచుండెను. అది పనికిమాలినవానిని పారవేయు తావు కాదనియు, ఇంటివారి యాయుర్దాయములో నొక భాగము దానిగుండ ప్రవహించుచుండెననియు నేను చాల ఆలస్యముగా తెలిసికొంటిని.

'కుడితి' యను మాటకు 'కుడుచు' అను క్రియతో చుట్టరికము గలదు. పాతభాషలో కుడుచుట యనగా తినుట, త్రాగుట. శిశువు తల్లిపాలు త్రాగుటకును ఆ మాటయే. కావున గోలెములోని పదార్థమునకు పెద్దలు పెట్టిన పేరులోనే, అది మురుగు కాదు ఆహారమను భావమున్నది. 'కుడితిలో పడ్డ యెలుక' యని మనము నవ్వుచుందుము గాని, ఆ యెలుక అందు దిగినది ఆకలిచేతనే గదా!

మాది గోదావరి కాలువక్రింది గ్రామము. నా చిన్నతనమున, అనగా 1960 తరువాతి దశకమున, మా పశువులపాక ప్రక్కను సగము భూమిలో పాతిన గోలెమొకటి యుండెడిది. తెల్లవారి బియ్యము కడిగిన నీళ్లతో దాని దినచర్య మొదలగును. అన్నము వార్చిన గంజి అందు పడును. ఆనపచెక్కు, తోటకూర కాడలు, వంకాయ తొడిమలు, మజ్జిగకుండ తొలిచిన నీళ్లు, మిగిలి చెడని పప్పు పడును. సాయంకాలమున మా బామ్మ దోసెడు తవుడును, నానవేసిన తెలగపిండియు అందులో కలిపి, చేయి మోచేతివరకు ముంచి కలియబెట్టి, గేదెను విడువుమనెడిది. అది ముట్టె ముంచి యొక్క గుక్కలో సగము త్రాగి తలయెత్తి చూచెడి చూపు నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది.

ఏది పడితే అది అందులో వేయనిచ్చెడిది కాదు. ఉల్లిపొట్టు, నిమ్మడిప్పలు, బూజుపట్టినవి గోలెములో పడినచో ఇల్లెగిరిపోవునట్లు కేకలు వేసెడిది. అవి దిబ్బకు పోవలెను. అంతకుముందే మనుష్యుల వంతు తీరవలెను. బీరకాయ చెక్కినచో ఆ చెక్కు రోటిపచ్చడియగును. అరటిగెల దించినచో చెట్టును నరికి దూట వండుదురు. పనసపిక్కలు నివురులో కాలును. రాత్రి మిగిలిన అన్నములో నీళ్లు పోసినచో ఉదయమునకు చద్ది; ఎండకాలమున తరవాణికుండ సరేసరి. పొయ్యిలోని బూడిద అంట్లకు కొంత, పాదులపై చల్లుటకు కొంత. అంట్లుతోమిన నీరు జలదారిగుండ అరటిబోదెలకడకు పోవును. ఇన్ని వాకిళ్లు దాటి, యెవరికిని అక్కరలేదని తేలినదే పెంటదిబ్బ చేరును. నేటివారు 'చెత్త' యని యొక్క మాటలో కట్టి పారవేయుదానికి ఆనాడు ఇన్ని పేర్లును, ఇన్ని గమ్యములును ఉండెను.

ఈ యేర్పాటు మా బామ్మ కల్పించినది కాదు. గృహస్థునకు విధించిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞమొకటి. అన్నములో నొక భాగము కుక్కకు, కాకికి, క్రిమికీటకములకు సయితము పెట్టవలెనని ధర్మశాస్త్రము. అర్థశాస్త్రకారుడు పుణ్యము మాట యెత్తక, లెక్క మాత్రము చెప్పును. ఆ గ్రంథమును మైసూరులో శామశాస్త్రిగారు 1909లో అచ్చువేయించిరి. అందు కోష్ఠాగారాధ్యక్ష ప్రకరణమున, రాజుగారి వంటశాలలోని బొగ్గులును ఊకయు లోహపుపనివారికిని గోడలు మెత్తువారికిని ఈయవలెననియు, నూకలు దాసులకును పనివారికిని వంటవారికిని ఈయవలెననియు గలదు. గోవులను గూర్చిన ప్రకరణమున ఎడ్లకు నూనెతీసిన పిండియు, నూకతవుడును ఇంతింత యని కొలత చెప్పబడినది. రాజ్యము నడపువాడు ఊకకు లెక్క వ్రాయుట చూచి నేను మొదట నవ్వుకొంటిని. ఇప్పుడు నవ్వుట మానితిని.

దిబ్బ సంగతి చెప్పకున్నచో గోలెము కథ సగమే యగును. గేదె త్రాగిన కుడితిలో కొంత పాలై వంటయింటికి తిరిగివచ్చును, కొంత పేడయై దిబ్బకు పోవును. కృషిపరాశరమను ప్రాచీనగ్రంథము మాఘమాసమున పెంటకుప్పను పూజించి, పారలతో త్రవ్వి, యెండబెట్టి, ఫాల్గుణమున చేనిలో గుంటలు తీసి యందుంచి, విత్తుకాలమున చల్లవలెనని చెప్పుచున్నది. పెంటకు పూజయేమని యడుగువారు పండినధాన్యమునకు పూజయెందులకని యడుగలేరు. 1889లో మన దేశమునకు వచ్చి వ్యవసాయమును పరిశీలించిన వోల్కరు అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు, రైతు పేడను పిడకలుచేసి కాల్చుట అజ్ఞానముచేత కాదు, వంటచెరకు లేకపోవుటచేతనని 1893 నాటి తన నివేదికలో వ్రాసెను. దొరలలో నిట్లు మన పక్షమున వ్రాసినవారు కొలదిమందియే.

అట్టివారిలో మరియొకరు ఆల్బర్టు హోవార్డు. 1905లో పూసాకు వచ్చి, 1924 మొదలు 1931 వరకు ఇందూరులో, అనగా మధ్యభారతమందలి ఇండోరు నగరమున, పనిచేసెను. రైతులును, పంటల పురుగులును తనకు గురువులని చెప్పుకొనిన మనుష్యుడు. చైనాదేశపు రైతులు గడ్డిపరకనైన వ్యర్థముచేయక నేలకు తిరిగి యిచ్చు విధానమును 1909లో కన్నులార చూచి అమెరికావాడైన కింగు వ్రాసిన గ్రంథము 1911లో వెలువడెను; హోవార్డునకు అది దారిదీపమైనది. ఆయన యశవంత వాడ్ అను సహచరునితో కలిసి చేసిన పని యొక్క మాటలో చెప్పవచ్చును: మన దిబ్బను ఆయన చక్కదిద్దెను. మన దిబ్బ యెండకెండి వానకు నాని, సారమును కాలువపాలు చేయును. హోవార్డు 30 అడుగుల పొడవును 14 అడుగుల వెడల్పును గల గోతిలో, గాలి యాడుటకై లోతు కొంచెముగా నుంచి, ఆకు అలము, పేడ, పాకలో మూత్రముతో తడిసిన మన్ను, బూడిద పొరలుపొరలుగా పరచి, తడి యారనీయక, రెండు మూడుసారులు తిరుగబోయించెను. మూడునెలలకు అది వాసనలేని నల్లని యెరువయ్యెను. ఆ విధానమును 1931లో గ్రంథముగ ప్రకటించెను. గాంధీగారు తమ హరిజన పత్రికలో ఎరువుగోతుల ప్రశంస చేసిరి. పెద్ద గొయ్యి అక్కరలేదు. మా పెరటిలో నేను మూడడుగుల గోతిలో వంటింటి తుక్కు నొక పొర, ఎండుటాకు నొక పొర, పైని పిడికెడు పేడనీళ్లు, చాటెడు మన్ను వేయుచున్నాను. ఎండుటాకు తగ్గినచో కంపుకొట్టును. తడి తగ్గినచో చీమలు పట్టును. ఇంతకంటె అందు రహస్యము లేదు.

ఇక గోలెమునకు వత్తును. దాని పతనమునకు కారణము పశువులు తగ్గుటయే యని చాలమంది యందురు. నా యభిప్రాయమున మొదటి దెబ్బ అంతకు చాల పూర్వమే తగిలినది. అది ధాన్యపు మరలనుండి వచ్చినది.

కాటనుదొర కట్టించిన ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైనది. బెజవాడ ఆనకట్ట 1855లో. డెల్టాలో వరి విస్తరించెను. ఇరువదవ శతాబ్దపు మొదటి దశకములలో ధాన్యపు మరలు ఊరూరికి దగ్గరయ్యెను. అంతవరకు ధాన్యము గాదెనుండి దిగినచో రోలు దాటి పోయెడిది కాదు. ఇంటనే దంచిన ధాన్యమునుండి ఊక పొయ్యికి, నూకలు జావకు, చిట్టు తవుడు గోలెమునకు చేరును. దంపునకు వచ్చిన స్త్రీలు కొంత నూకయు తవుడును కొంగున కట్టుకొని పోవుదురు; అర్థశాస్త్రము నాటి కూలి యదియే. మర వచ్చినపిదప బండెడు ధాన్యము పోయి, మల్లెపూవువంటి బియ్యము తిరిగివచ్చెను. ఊకయు తవుడును మరయజమానికడనే నిలిచెను. మా గ్రామపు దంపుకత్తెలు ఏమైరో యెవరును వ్రాసి యుంచలేదు. ఇంటివారు మాత్రము శ్రమ తప్పినదని సంతోషించిరి. బియ్యము తెల్లనగుట మర్యాద యయ్యెను.

తవుడు పోయినచో పోయిన దేమి? ఈ ప్రశ్నకు సమాధానము మన దేశమున కాదు, జావాద్వీపమున, ఒక వంటశాల యెంగిలి మెతుకులయందు దొరికినది.

జావా అప్పుడు డచ్చివారి యేలుబడిలో నుండెను. బటావియాలో, అనగా నేటి జకార్తాలో, సైనికులకు బెరిబెరి రోగము విపరీతముగా వచ్చుచుండెను. కాళ్లు చచ్చుబడును, లేక శరీరముబ్బి గుండె యాగిపోవును. క్రిస్టియాన్ ఐక్‌మన్ అను వైద్యుడు దీనికి సూక్ష్మజీవి కారణమనుకొని, కోళ్లను పెంచి పరీక్షించుచుండెను. 1889లో ఆ కోళ్లకు హఠాత్తుగా కాళ్లు పడిపోయెను. రోగముగల వానికిని లేని వానికిని భేదము లేదు. అన్నియు తూలి పడుచుండెను. కొన్ని మాసములకు, ఏ చికిత్సయు లేకయే, అవి లేచి తిరుగసాగెను. ఐక్‌మన్ విచారింపగా తెలిసిన దిది: ఖర్చు కలిసివచ్చునని, సైనికవైద్యశాల వంటింటిలో మిగిలిన తెల్లన్నమును కోళ్లకు పెట్టుచుండిరి. నవంబరు మాసాంతమున క్రొత్త వంటవాడు వచ్చెను. సైన్యపు బియ్యము దొరతనపు కోళ్లకు పెట్టుటేమని అతడు నిరాకరించెను. అంతట కోళ్లకు మరల ముతకబియ్యము వచ్చినది, ప్రాణమును వచ్చినది.

చూడుడు. వంటయింటి మిగులు కోళ్లకు వేయుట మంచి పనియే. ఆ మిగులులో సారము లేకపోవుటయే లోపము. తెల్లబియ్యమునకు తవుడు చేర్చి పెట్టగా కోళ్లకు రోగము రాకుండెను. వోర్డెర్మన్ అను వైద్యాధికారి జావాలో నూరు చెరసాలలవరకు తనిఖీచేసి, తెల్లబియ్యము పెట్టిన చెరసాలలలో బెరిబెరి యెక్కువయనియు, తవుడుతో కూడిన బియ్యము పెట్టినచోట అత్యల్పమనియు 1897లో ప్రకటించెను. ఐక్‌మన్ బియ్యములో విషమున్నదనియు, తవుడు దానికి విరుగుడనియు భావించెను. అది పొరబాటు. అతని స్థానమున వచ్చిన గ్రెయిన్స్ అను నతడు 1901లో అసలు మాట చెప్పెను: విషము లేదు, తవుడులో నున్న ప్రాణాధారమైన పదార్థమేదో తెల్లబియ్యములో లోపించుచున్నది. దానికి 1912లో విటమిన్ అను పేరు వచ్చెను. 1929లో ఐక్‌మన్‌నకు నోబెలు బహుమానము లభించెను.

ఈ కథలో నెల్లూరునకు నొక పాలున్నది. 1886లో నెల్లూరులో అమెరికను మిషనరీల యింట రాబర్టు విలియమ్స్ అను శిశువు జన్మించెను. పెరిగి రసాయనశాస్త్రజ్ఞుడై, 1910 ప్రాంతమున ఫిలిప్పీనుదీవులలోని మనీలాలో తవుడుపై పనిచేయుట ప్రారంభించెను. బెరిబెరిచేత చనిపోవుచున్న చంటిబిడ్డలకు తవుడుసారమును పోసి బ్రదికించిన దచ్చటనే. ఆ దేశభాషలో తవుడును తికితికి యందురు. విలియమ్స్ ఆ పని విడువలేదు. 1936లో తవుడులోని ఆ పదార్థమును ప్రయోగశాలలో తయారుచేసెను. నేడు వైద్యులు వ్రాయు బి-1 మాత్ర యదియే.

మనదేశమున బెరిబెరి యెక్కువగా కానవచ్చిన ప్రాంత మేదియో యెరుగుదురా? ఉత్తర సర్కారుల తీరము. మన తీరమే. కూనూరులో ఆహారపరిశోధన చేసిన మెక్‌కారిసన్ 1924లో నారిస్‌తో కలిసి దీనిపై గ్రంథము వెలువరించెను. ఉప్పుడుబియ్యము తినువారిలో, మరబట్టినను, ఈ వ్యాధి యంతగా లేదు. వడ్లను ఉడికించునపుడు తవుడులోని సారము గింజలోనికి దిగును. మనము తినునది పచ్చిబియ్యము. మరలో అది తెలుపెక్కిన కొలది సారము తొలగును. మిగిలినది నీటిలో కరగు స్వభావము గలది గనుక, కడిగినపుడు కొంత, గంజి వార్చినపుడు కొంత పోవును. 1940లో కూనూరువారు వెలువరించిన బియ్యపు సమస్య నివేదిక ఈ సంగతి విశదముగ చెప్పినది.

ఇప్పుడు మరల మా పెరటికి రండు. కడుగునీళ్లు, గంజి, తవుడు — ఈ మూడును చేరినది కుడితి గోలెములోనికే. దంపుడుబియ్యము తిన్న కాలమున మనుష్యునకు తన వంతు దక్కి, మిగులు పశువునకు పోయెడిది. మర వచ్చినపిదప అలవాట్లు మారలేదు, బియ్యము మారినది. మనుష్యుడు తెల్లనిదానిని తినెను. బ్రదికించునది గేదె త్రాగెను.

మా బామ్మ 1924 ప్రాంతమున ఈ యింటికి కాపురమునకు వచ్చెను. కొలదియేండ్లకే మా యింట మరబియ్యము ప్రవేశించెను. ఆమెకు మొదట పుట్టిన యిరువురు మగశిశువులును మూడవమాసము దాటకుండ పోయిరి. పాలు త్రాగుచు, బొద్దుగా నుండి, ఒక సాయంకాలము గొంతు పోయి, ఏడ్చినను ధ్వని రాక, రాత్రికి రాత్రి కన్నుమూసిరట. బాలగ్రహమనిరి. తాయెత్తులు కట్టిరి. ఆ దినములలో బాలెంతకు పథ్యము కఠినము. తెల్లన్నము, కారప్పొడి, చారెడు నెయ్యి, అంతే. కూరయు పప్పును నిషేధము. అదే యేడు పాకలో గేదె యీనినది, పెయ్య దిట్టముగ పెరిగినది. గేదె పాలు తగ్గకుండుటకై మా తాతగారు మరకు పోయి, వెలయిచ్చి, తవుడు కొని తెచ్చుచుండెడివారు. మా తండ్రిగారు మూడవవాడు. ఆ సంవత్సరము మర చెడి కొన్ని మాసములు ఇంటనే దంచుకొంటిరని బామ్మ చెప్పెడిది. ఆ శిశువుల మరణమునకు కారణమిదియే యని చెప్పుటకు నేను వైద్యుడను కాను. అంత పాతకాలపు మృత్యువునకు ఎవరు నాడి చూడగలరు? కాని చంటిబిడ్డల బెరిబెరిని గూర్చి చదివినపుడు, ఆ పోయిన గొంతు నాకు వినవచ్చినది.

1984లో, నేను పంతులుద్యోగమున చేరిన క్రొత్తలో, సామాన్యశాస్త్రము చెప్పెడి మిత్రునివలన జావాకోళ్ల కథ విని, సెలవులకు పోయినపుడు పెరటిలో కూర్చుండి బామ్మకు చెప్పితిని. చెప్పవచ్చునా యని సందేహింపవలసినది. యౌవనమున తెలిసినదంతయు చెప్పవలె ననిపించును. ఆమె తుదివరకు విని, "ఆ వంటవాని పేరేమిరా?" యని యడిగినది. తెలియదంటిని. "దొరవారి పేరు తెలిసినది గాని వానిది తెలియలేదా?" యనినది. తరువాత చాలసేపు మాటలాడలేదు. ఆమె పోయినపిదప మా యమ్మవలన తెలిసిన దేమనగా, ఆ దినము మొదలు ఆమె గంజి వార్చనీయలేదు. అత్తెసరు వండుమనెడిదట. దంపుడుబియ్యము కొరకు ప్రొరుగూరికి మనిషిని పంపెడిదట. కారణము అడిగినవారికి చెప్పలేదు.

నేడు మరలనుండి తవుడు కర్మాగారములకు పోవును. అచ్చట నూనె తీసి, పిండిని పశువులదాణాలో కలిపి మనకే అమ్ముదురు. పట్టణములలో ఆవులు వీధిచివర కూరగాయల తొక్కులను వానిని కట్టిన ప్లాస్టిక్కు సంచులతో సహా మ్రింగి చచ్చుచున్నవి. తడిచెత్త వేరు, పొడిచెత్త వేరు చేయవలెనని 2016లో కేంద్రప్రభుత్వము నియమములు ప్రకటించినది. మా బామ్మ ఇన్ని వాకిళ్లు పెట్టినచోట 2016 నాటి ఆ నియమములు రెండు మూడు బుట్టలతో తృప్తిపడినవి, అంతయైనను మేలే. సంచి ముడి విప్పి తొక్కులను విడిగా వేసినచో ఆవు బ్రదుకును.

మా గోలెము అంచు పగిలినది. గేదె లేదు. ప్రక్కయింటివారికి రెండు పాడిపశువులున్నవి. మా యింటి కడుగునీళ్లను, తొక్కులను ప్రతిదినము ఉదయమున నేనే బిందెతో మోసికొనిపోయి వారి తొట్టిలో పోయుచున్నాను. గంజి మాత్రము మా కోడలు వార్చదు.